ముత్యాలరేవు లంగరు విచారణ

సముద్రం కింద నుంచి వచ్చిన ఇంటర్నెట్ కేబులును ముత్యాలరేవులో ప్రారంభించిన రోజున, మైలపల్లి నూకరత్నానికి ఆ ఏర్పాట్లన్నిటిలోకీ బాగా నచ్చింది ఒక్క రాయే.

కేబులు ఎక్కడో దూరదేశాల నుంచి నీళ్లకింద పాకుతూ వచ్చి, ముత్యాలరేవు ఇసుకలో పైకి తేలి, జిల్లా మొత్తానికీ నెట్టు పంచుతుందని చెప్పారు. మంత్రిగారు వచ్చారు. షామియానా వేశారు. వేట నిషేధం రోజులు కావడంతో బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి, జనానికీ వేరే పని లేదు, సభ నిండుగానే జరిగింది. చిక్కల్లా ఏమిటంటే, ప్రారంభించాల్సిన కేబులు నీళ్లలో ఉండిపోయింది. చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కాబట్టి మంత్రిగారు పట్టుతెర పక్కకు లాగి ఒక నల్లరాతి శిలాఫలకాన్ని ఆవిష్కరించారు. దాని మీద బంగారు రంగు అక్షరాల్లో మంత్రిగారి పేరు, ఆయన కింద ఇంకో అరడజను పేర్లు ఉన్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నూకరత్నం చప్పట్లు మానేసి రాయిని అరచేత్తో నిమిరి చూసింది.

"సూడు ఎల్లాజీ, ఎంత నున్నగున్నాదో! దీని మీద సేప కోస్తే ఒక్క పొలుసు అంటుకోదు" అంది మరిదితో.

"వొదినా, దాని మీద మంత్రిగారి పేరున్నాది" అన్నాడు ఎల్లాజీ.

"నాను కోస్తానన్నది సేపనిరా, పేరుని కాదు."

రెండు రోజుల తర్వాత చూస్తే రాయి అక్కడ లేదు. తనకంటే ముందే ఎవరో కన్నేసి పట్టుకుపోయారనుకుని నూకరత్నం నిట్టూర్చింది. తరవాత ఆ సంగతి మరిచిపోయింది. మరిచిపోవడానికి ఆమెకు కావలసినన్ని పనులున్నాయి. మొగుడు గుజరాతు తీరానికి వేటకు పోయి ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడే ఉంటాడు. ఇక్కడి ఫైబరు బోటు ఆమె పేరు మీద ఉంది. నడిపేది ఎల్లాజీ, నడిపించేది ఆమె. బోటు మీద పనిచేసే కళాసీల తిండీ తిప్పలూ, వలల కుట్టుబళ్లూ, చేపల వేలంలో గొంతు చించుకోవడమూ అన్నీ ఆమెవే.

నిషేధం ముగిసింది. తొలి వేటకు రేవులో ఉన్న బోట్లన్నీ వెళ్లాయి. ఎల్లాజీ వలనిండా చేపతో తిరిగొచ్చాడు. ఆ సాయంత్రమే జిల్లాలో నెట్టు పోయింది.

పోవడమంటే మామూలుగా పోవడం కాదు. వేలంపాటలో కొన్నవాళ్లు ఫోను పైకెత్తి పట్టుకుని ఇసుకలో అటూ ఇటూ తిరిగారు, డబ్బు కదలలేదు. రేషను షాపులో వేలిముద్ర పడలేదు. తహశీల్దారు ఆఫీసులో పని ఆగిపోయింది, అయితే ఆ సంగతి ఎవరూ వెంటనే గమనించలేదు. కేబులు ఒడ్డుకు దగ్గర్లోనే ఎక్కడో తెగిందని యంత్రాలు చెప్పాయి. బాగుచేసే ఓడ కూడా దేవుడి దయవల్ల పక్క రేవులోనే ఉంది. రమ్మంటే వచ్చేస్తుంది.

రమ్మనడానికి వీల్లేదు. సముద్రగర్భ తంతి శాఖ నిబంధనల ప్రకారం మరమ్మతుకు ముందు కారణం తేలాలి. కారణం ఏ శాఖదైతే ఆ శాఖే ఓడను పిలవాలి. కనుక ప్రభుత్వం కారణ నిర్ధారణ సంఘం వేసింది. దానికి అధ్యక్షుడు తంతి శాఖ ప్రత్యేకాధికారి అనంతశయనం గారు. తెల్లటి సఫారీ సూటు, నిదానమైన మాట. సముద్రం గురించి ఆయన రాసిన నోట్ ఫైళ్లు చాలా ఉన్నాయి గాని, అలల మీదకు వెళితే తల తిరుగుతుందని ఆయన ఎప్పుడూ ఒడ్డు దాటలేదు.

సంఘం ముత్యాలరేవు తుఫాను భవనంలో కూర్చుంది. ఊరివాళ్లు కిటికీల్లోంచి చూశారు. నూకరత్నం కూడా వేలం అయ్యాక బుట్ట పక్కన పెట్టి చూసింది. అప్పటికి ఆమెకు అది వినోదమే.

అనంతశయనం గారు గొంతు సవరించుకున్నారు. "సముద్రగర్భ తంతి విచ్ఛేదానికి ప్రభుత్వం ఆమోదించిన కారణాలు ఐదు. సొరచేప కాటు, భూకంపం, తుఫాను, లంగరు, విద్రోహం. ఆరో కారణం లేదు. ఉన్నా పరిగణించబడదు. మొదట సొరచేప."

మత్స్యశాఖ అధికారి లేచి నిలబడ్డారు. "మా పరిధిలోని సొరలు మెత్తని ఆహారమే తీసుకుంటాయని సవినయంగా మనవి చేస్తున్నాను. పైగా ఆరోపణ ఎదుర్కొంటున్న జీవికి తన వాదన వినిపించుకునే అవకాశం ఇవ్వకుండా నిర్ణయానికి రావడం సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధం."

ఆ మాటలో న్యాయం ఉందని సంఘం ఒప్పుకుంది. సంఘం కార్యదర్శి కోదండపాణి నోటీసు తయారుచేశాడు. దాన్ని నీళ్లకు ఎదురుగా ఒక కర్రకు అంటించారు. గడువు తీరిన రోజున బంట్రోతు అలల దాకా వెళ్లి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, "సొరచేపా! సొరచేపా! సొరచేపా!" అని ముమ్మారు పిలిచాడు. సొరచేప హాజరు కాలేదు. అయితే అది రక్షిత జీవి కావడం వల్ల దాని పరోక్షంలో తీర్పు చెప్పకూడదని మత్స్యశాఖ అడ్డుపడింది. సొరను గౌరవంగా విడిచిపెట్టేశారు.

భూకంపం మీద విచారణ ఎంతోసేపు సాగలేదు. ఆ రోజు తమ యంత్రం బాగుచేయడానికి వెళ్లిందనీ, అందువల్ల భూకంపమేదీ నమోదు కాలేదనీ, నమోదు కానిది జరిగినట్టు కాదనీ ఆ శాఖ రాసి పంపింది. తుఫాను శాఖ అంతకంటే సూటిగా చెప్పింది: మేం పేరు పెట్టని తుఫాను తుఫాను కాదు. ఇక విద్రోహం అంటే పోలీసు శాఖ. పోలీసు శాఖ వైపు సంఘం చూడనేలేదు.

మిగిలింది లంగరు. పెద్ద ఓడల లంగర్లకు పోర్టు శాఖ ఉంది. పోర్టు అధికారి సంఘంలోనే ఉన్నాడు, ఆ రోజు ఏ ఓడా రాలేదని ఆయనే చెప్పాడు. చేపల బోట్ల లంగర్లకు మాత్రం ఏ శాఖా లేదు. అక్కడికి వచ్చేసరికి సంఘం సభ్యులందరి ముఖాలూ తేటపడ్డాయి.

ఏ బోటు లంగరు? రేవు నుంచి ఆ రోజు బోట్లన్నీ వెళ్లాయి. కానీ బోటు ఎక్కడుందో ఆకాశంలోని ఉపగ్రహానికి చెప్పే పెట్టె ఒకటి ప్రతి బోటుకూ బిగించాలని ప్రభుత్వం ఎప్పుడో పంచిపెట్టింది. ఉప్పునీళ్లు తగిలి పాడైపోతుందని ఊరంతా దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటకమీద దాచుకుంది. పద్ధతిగా బిగించినది నూకరత్నం ఒక్కతే. ఆ లెక్కన, ప్రభుత్వానికి తెలిసినంతవరకు, తొలి వేటకు సముద్రంలోకి వెళ్లిన బోటు ఒక్కటే.

మర్నాడు సంఘం పంపిన నలుగురు మనుషులొచ్చి బోటును ఇసుక మీదకు లాగించి, చుట్టూ తాడు కట్టి, ఎర్రగుడ్డ వేలాడదీశారు. లంగరును విడిగా తుఫాను భవనానికి మోయించుకుపోయి, నాలుగు కొక్కేలకూ లక్క ముద్ర వేసి, బల్ల మీద పెట్టారు. మెడలో అట్ట కట్టారు. అట్ట మీద 'అనుమానిత కారణం' అని ఉంది.

నూకరత్నం కడుపు మండిపోయింది. వేట మంచి ఊపులో ఉంది. పక్క బోట్లవాళ్లు వంజరం చేపలు దింపుతుంటే తన కళాసీలు ఇసుకలో కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. వాళ్లకూ ఇళ్లున్నాయి, పిల్లలున్నారు. పౌర్ణమి దాకా చూస్తామనీ, ఆపైన వేరే బోటెక్కుతామనీ చెప్పేశారు. అందులో తప్పు పట్టడానికేముంది? వాళ్లు వెళ్లిపోతే ఈ వేటకాలంలో మళ్లీ మనుషులు దొరకరు. బోటు ఎండకు పగిలి పొయ్యిలోకి కూడా పనికిరాని ఫైబరు ముక్కవుతుంది. ఆమెకు తొలిసారి భయం వేసింది.

విచారణకు పిలిచిన రోజున ఆమె తలంటుకుని, నేత చీర కట్టుకుని వెళ్లింది. బల్ల మీద తన లంగరు తనకేసి దిక్కులేనిదానిలా చూస్తున్నట్టు అనిపించింది.

"ఏమమ్మా, ఈ లంగరు నీదేనా?" అడిగారు అనంతశయనం గారు.

"నాదే బాబూ."

"ఇది నీళ్లలో దిగుతుందా?"

"లంగరు గదా బాబూ, మరెక్కడ దిగుద్ది?"

"అడుగుదాకా దిగుతుందా?"

"దిగకపోతే బోటాగదు."

"నేరాంగీకారం" అన్నారు అనంతశయనం గారు, రాసుకోమన్నట్టు కోదండపాణి వైపు చూసి. కోదండపాణి రాయలేదు. అతను మంచివాడే, కాకపోతే ఉద్యోగంలో ఉన్నాడు. "ఒప్పుకోలు అనడానికి ఇంకొంచెం ఉండాలేమోనండీ" అన్నాడు నెమ్మదిగా.

నూకరత్నం ఊరుకోలేకపోయింది. "బాబుగారూ, కేబులు ఎక్కడో తెగిందంటన్నారు. ఒడ్డుకి దగ్గిరే అంటన్నారు. ఎవులైనా మునిగి సూసినారా?"

సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పిల్లలు పెద్దల ముందు అనకూడని మాట అన్నప్పుడు చూసినట్టు చూశారు.

"చూడటం కుదరదమ్మా" అన్నాడు కోదండపాణి. "నీటిలోకి దిగి చూడటం మరమ్మతు కిందికి వస్తుంది. మరమ్మతుకు కారణం తేలాలి."

"కారణం తేలాలంటే సూడాల గదా?"

"చూడాలంటే కారణం తేలాలి."

నూకరత్నం కాసేపు అతని ముఖంలోకి చూసింది. వెటకారమేమో అనుకుంది. కాదు. పాపం అతను నిజంగానే చెబుతున్నాడు.

"నా బోటు ఒగ్గేయండి బాబూ. పున్నం ఎల్తే నా మనుషులు ఎల్లిపోతారు" అని ఆమె చేతులు జోడించింది. ఆ జోడించిన చేతులు చూసి తనకే ఒళ్లు మండింది. తన బోటు తనకిమ్మని దణ్ణం పెట్టాల్సి వచ్చింది.

"నీ విజ్ఞప్తి సానుభూతితో పరిశీలించబడుతుంది" అన్నారు అనంతశయనం గారు. ఈ మాట ఎవరితో అన్నారో వాళ్ల పని ఇంతవరకూ జరిగిన దాఖలా లేదు.

ఇంతలో ముందుజాగ్రత్త చర్యగా ఇంకో ఉత్తర్వు వచ్చింది. విచారణ పూర్తయ్యే వరకు రేవులోని బోట్లేవీ సముద్రంలోకి లంగరు తీసుకెళ్లకూడదు. లంగర్లన్నీ ఒడ్డునే ఉంచాలి. ఊరివాళ్లు మొదట నవ్వారు. తరవాత వేటకు వెళ్లిన బోట్లు వల వేసిన చోట నిలవక కొట్టుకుపోయి, ఒకటి పక్క జిల్లాలో తేలింది. ఒకటి పోర్టువాళ్ల దీపస్తంభానికి తాడు కట్టుకుని ఆగింది. అప్పటి నుంచి నవ్వడం మానేశారు.

లంగరు లేక బోట్లు ఆగవు, నెట్టు లేక డబ్బు కదలదు. ఈ రెండిటికీ మధ్య అడ్డంగా ఉన్నది ఒక్క నూకరత్నమే అని ఊరికి అనిపించడం మొదలైంది. సంఘమే ఆ మాట మెల్లగా చెవుల్లో వేసింది. ఆమె ఒప్పుకుంటే కారణం తేలుతుంది. కారణం తేలితే ఓడ వస్తుంది, నెట్టు వస్తుంది, లంగర్లు విడుదలవుతాయి. పోయేది ఒక్క బోటే.

ఒక మధ్యాహ్నం రేవు పెద్దలు ఆమె గుమ్మం ముందుకొచ్చారు. వాళ్లతో పట్నం నుంచి బట్టల కొట్ల వాళ్లు, మీసేవ కుర్రాళ్లు, ఒక పెళ్లిసంబంధాల ఏజెంటు కూడా వచ్చారు. పూలదండ కూడా తెచ్చారు.

"ఊరి కోసం ఒప్పేసుకో రత్నం. నీ పేరు సెప్పుకుంటాం" అన్నాడు రేవు పెద్ద.

"నా పేరు సెప్పుకుంటే నా కళాసీలకి కూడెవులెడతారు?"

"అందరం కలిసి ఏటో ఒకటి సూద్దాంలే."

"అటక మీది పెట్టెలు దించి మీ బోట్లకి కూడా బిగించుకోండి. అందరం కలిసి అప్పుడు సూద్దాం" అంది నూకరత్నం. దండ తెచ్చినవాళ్లు దండ పట్టుకునే వెళ్లిపోయారు.

మాట అయితే విసిరింది గాని ఆమెకు నిద్రపట్టలేదు. చిన్నప్పటి నుంచి తన చేత్తో చేపముక్క తిన్నవాళ్లు కూడా ముఖం తిప్పుకుని పోతున్నారు. అది బోటు పోవడం కంటే ఎక్కువగా గుచ్చుకుంది. పౌర్ణమికి ముందురోజు ఆమె తుఫాను భవనానికి వెళ్లింది.

"ఒప్పేసుకుంటాను బాబూ. ఎక్కడ వేలుముద్ర ఎయ్యాలో సెప్పండి. ఊరికి లంగర్లు ఇచ్చేయండి."

అనంతశయనం గారి ముఖం వికసించింది. కోదండపాణి ముఖం మాత్రం అదోలా అయింది. అతను తల వంచుకుని నిబంధనల పుస్తకం తిరగేసి, "ఉత్త ఒప్పుకోలు చెల్లదండీ" అన్నాడు. "కారణం పునఃప్రదర్శన జరగాలి. అదే బోటు, అదే లంగరు, అదే చోట దించి చూపాలి. సంఘం సమక్షంలో."

"చూడకూడదు కదా?" అన్నారు అనంతశయనం గారు.

"నీటి కిందికి చూడకూడదండీ. పైన చూడొచ్చు."

ఆ విధంగా, ఆ పూటే లక్క ముద్రలు ఊడదీసి, అట్టతో సహా లంగరును బోటెక్కించారు. ఎన్నాళ్లకో బోటు నీళ్లను తాకింది. ఎల్లాజీ ఇంజను తిప్పాడు. కళాసీలు కూడా ఎక్కారు, చివరిసారి కదా అని. నూకరత్నం ముందు కూర్చుంది. వెనక పోర్టువాళ్ల లాంచీలో సంఘం బయల్దేరింది. లాంచీ మీద బరువులెత్తే చిన్న క్రేను ఉంది. అనంతశయనం గారు నిమ్మకాయ వాసన చూస్తూ, కళ్లు మూసుకుని కూర్చున్నారు. వినోదం చూడ్డానికి ఊరి బోట్లు కూడా చుట్టూ చేరాయి.

కేబులు పటంలో గుర్తుపెట్టిన చోటుకు రాగానే కోదండపాణి చెయ్యి ఊపాడు. ఎల్లాజీ లంగరు వదిలాడు. తాడు జరజరా జారి ఆగింది.

"దిగినట్టు నమోదు చేయండి. ఇక పైకి లాగమనండి" అన్నారు అనంతశయనం గారు కళ్లు తెరవకుండానే.

కళాసీలు లాగారు. రాలేదు. ఎల్లాజీ కూడా చెయ్యి వేశాడు. బోటు ముక్కు నీళ్లలోకి వంగింది గాని లంగరు కదలలేదు.

"దేనికో తగులుకున్నాది వొదినా!"

"తగులుకుంది!" అన్నారు లాంచీలో సభ్యులు, పండగ కబురు విన్నట్టు. ఇంకేం, లంగరు దేనికైనా తగులుకోగలదని రుజువైంది. నూకరత్నం కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగా తన లంగరే కేబులు తెంపిందేమోనని అప్పుడు మొదటిసారి ఆమెకే అనుమానం వచ్చింది.

క్రేను కొక్కెం తగిలించి లాగారు. నీళ్లు సుడి తిరిగాయి. ముందు లంగరు వచ్చింది. లంగరు కొక్కేనికి ఒక ఇనప రింగు. ఆ రింగు వెనక, నాచు పట్టి, నీళ్లు కారుస్తూ, ఒక పెద్ద నల్లరాయి పైకి లేచింది. దాని చుట్టూ బిగించిన ఇనప చట్రం అడుగున నలిగి, చీలికలై, గడ్డం వెంట్రుకల్లా వేలాడుతున్న ఒక లావుపాటి తీగ ముక్క ఇరుక్కుని ఉంది.

అందరూ నోరు తెరిచి చూశారు. క్రేను నడిపేవాడు మాత్రం విసుక్కున్నాడు. "ఇది మనం దింపిందే కదండీ? మళ్లీ పైకెందుకు లాగించారు?"

"దింపడమేమిటి?" అన్నాడు కోదండపాణి.

అనంతశయనం గారు కళ్లు తెరిచారు. తప్పిపోయిన బిడ్డ కనబడ్డట్టు ఆయన ముఖం వెలిగిపోయింది. "మన శిలాఫలకం!" అన్నారు. "నిబంధన ఏమంటోంది? ప్రతి ప్రభుత్వ పనికీ శిలాఫలకాన్ని పని జరిగిన స్థలంలోనే ప్రతిష్ఠించాలి. మరి పని జరిగింది సముద్రం అడుగున. ఒడ్డున వదిలేస్తే ఆడిటువాళ్లు ఊరుకుంటారా? నేనే ఉత్తర్వు ఇచ్చాను, సరిగ్గా కేబులు మీదే దింపమని. ఎంత చక్కగా దింపారో చూశారా? ఒక్క అంగుళం పక్కకు పోలేదు."

పోర్టు అధికారి ఆకాశంలో కొంగల్ని లెక్కపెట్టసాగాడు. కోదండపాణి ఒకసారి రాయిని, ఒకసారి తెగిన తీగను, ఒకసారి అధ్యక్షుల వారిని చూశాడు. "అయితే కారణం..." అన్నాడు.

"శిలాఫలకం కారణం కాజాలదు. అది ఆమోదిత కారణాల్లో లేదు."

"కానీ దాని కిందే తెగిందండీ. అలలకు ఊగి ఊగి, ఈ చట్రం కోసేసింది."

లాంచీ ఊగుతోంది. అనంతశయనం గారు ఒక చేత్తో కడ్డీని, ఒక చేత్తో నిమ్మకాయను పట్టుకుని, అక్కడికక్కడే సంఘాన్ని సమావేశపరిచారు. వాదన మాత్రం ఊగలేదు. "ఫలకం ఉండవలసిన చోట ఉంది. ఉండవలసిన చోట ఉన్నది తప్పు కాదు. ఇక దాని కిందికి వచ్చి పడుకున్నదెవరు? కేబులు. ఇంత సముద్రం ఖాళీగా ఉండగా దానికి మంత్రిగారి పేరు కిందే ఎందుకు చోటు కావలసివచ్చింది? ఇది యాదృచ్ఛికం కాదు. విద్రోహం. ఐదో కారణం. చేసినవారు, కేబులు. రాసుకో: కేబులు స్వీయ విద్రోహం. శాఖలకు ఏ సంబంధమూ లేదు. ఓడను పిలవచ్చు."

సభ్యులు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఇన్నాళ్ల పనిలో ఎవరి మనసూ నొప్పించని కారణం ఒక్కటి దొరికింది.

"ఇక ఈ బోటు సంగతి" అని అనంతశయనం గారు ఇటు తిరిగారు. "ప్రభుత్వ శిలాఫలకాన్ని అనుమతి లేకుండా దాని స్థానం నుంచి పెకలించినందుకు..."

నూకరత్నానికి అప్పటిదాకా ఉన్న భయం అంతా ఆ మాటతో ఎక్కడికో పోయింది. ఒక హద్దు దాటాక మనిషికి భయపడే ఓపిక కూడా ఉండదు. ఆమె బోటు ముక్కు మీద లేచి నిలబడి, కొంగు నడుముకు దోపి, రాతి మీది నాచును అరచేత్తో తుడిచింది. ఆమె బడికి పోయింది తక్కువే గాని కూడబలుక్కుని చదవగలదు. చుట్టూ ఉన్న బోట్లకు వినబడేలా చదవడం మొదలుపెట్టింది.

"ప... ర్య... వే... క్షణ. శ్రీ... అ... నం... త..."

"చదవకమ్మా!" అన్నాడు కోదండపాణి కంగారుగా.

"ఏం బాబూ, సదవడం కూడా మరమ్మతేనా?"

చుట్టూ బోట్లలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఒక బోటు నుంచి ఇంకో బోటుకు పాకింది.

"ఆ రాయి ఇక్కడ లేదు" అన్నారు అనంతశయనం గారు హఠాత్తుగా. "నివేదిక ప్రకారం అది తన స్థానంలో, సముద్రం అడుగున, చెక్కుచెదరకుండా ఉంది."

"మరి నా లంగరుకి తగులుకున్నదేటి బాబూ?"

"నీ లంగరుకి ఏమీ తగలలేదు."

"ఏటీ తగల్లేదా?"

"ఏమీ తగలలేదు! రాసుకో కోదండపాణీ."

కోదండపాణి ఈసారి వెంటనే రాశాడు. చాలా శ్రద్ధగా, పెద్ద అక్షరాలతో రాశాడు. రాసి పైకి చదివాడు: "సదరు లంగరు సంఘం సమక్షంలో సముద్రం అడుగుకు దించబడినది. దేనికీ తగలలేదు."

"దేనికీ తగలనిది కేబులుకి మాత్రం ఎలగ తగుల్తాది బాబూ?" అంది నూకరత్నం. "లంగరు తప్పు సెయ్యకపోతే నా బోటేటి సేసినట్టు?"

లాంచీ ఇంకోసారి ఊగింది. అనంతశయనం గారి నిమ్మకాయ జారి నీళ్లలో పడింది. "బోటు విడుదల" అన్నారు కడ్డీని రెండు చేతులా కావిలించుకుని. "అందరి లంగర్లూ విడుదల. నన్ను ఒడ్డుకు చేర్చండి."

"మరి ఈ లేని రాయినేటి సెయ్యమంటారు? ఉన్నకాడే దింపెయ్యమంటారా?"

"వద్దు!" అన్నారు సంఘం సభ్యులంతా ఒక్క గొంతుతో. అన్ని రోజుల విచారణలో వాళ్లు ఏకగ్రీవంగా అన్న మాట అదొక్కటే.

"లేనిదాన్ని నీ ఇష్టం వచ్చిన చోటికి తీసుకుపో" అన్నారు అనంతశయనం గారు నీరసంగా.

ఓడ వచ్చింది, కేబులు అతికింది, నెట్టు వచ్చింది. అంతకంటే ముందే, పౌర్ణమి నాడే నూకరత్నం బోటు పూర్తి కళాసీలతో వేటకు వెళ్లింది. జాడ చెప్పే పెట్టెను ఎల్లాజీ విప్పేస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. తరవాత కొన్నాళ్లకు అటకల మీది పెట్టెలు ఒక్కొక్కటే దిగి బోట్ల మీదకు చేరాయి. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. దండ తెచ్చిన రేవు పెద్ద ఒకరోజు ఏమీ ఎరగనట్టు వచ్చి ఆమె దగ్గర చేప కొనుక్కున్నాడు. ఆమె కూడా ఏమీ ఎరగనట్టు మంచి ముక్కే ఇచ్చింది.

మరమ్మతు జరిగిన కేబులుకు పునఃప్రారంభోత్సవం పెట్టారు. ఏర్పాట్లు చూడటానికి అనంతశయనం గారు కోదండపాణితో కలిసి ముత్యాలరేవు వచ్చారు. వేలం షెడ్డు పక్కనుంచి నడుస్తూ ఆయన ఆగిపోయారు. ఇటుకల మీద ఎత్తుగా, సమంగా పరిచిన నల్లటి రాతి మీద నూకరత్నం వంజరం కోస్తోంది. మంత్రిగారి పేరు మీద తల, మిగిలిన పేర్ల మీద ముక్కలు, 'పర్యవేక్షణ' మీద పేగులు. అక్షరాల గుంటల్లో పొలుసులు మెరుస్తున్నాయి.

అనంతశయనం గారి ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయారు. కానీ ఏమనాలి? ఆ రాయి సముద్రం అడుగున ఉంది. స్వయంగా ఆయనే సంతకం పెట్టారు. కోదండపాణి దగ్గు వచ్చినట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

చివరికి ఆయన సఫారీ సర్దుకుని, చూపు రాతి మీద పడకుండా సముద్రం వైపు తిరిగి మాట్లాడారు. "ఏమమ్మా, పునఃప్రారంభానికి కొత్త శిలాఫలకం తయారైంది. నిబంధన ప్రకారం కార్యస్థలంలోనే ప్రతిష్ఠించాలి. పోర్టువాళ్లు లాంచీ ఇచ్చేందుకు ఒప్పుకోవడం లేదు. నీ బోటు మీద తీసుకెళ్లి దింపాలి. దింపినట్టు నువ్వు చెబితే చాలు, మేం ఎవరమూ చూడటానికి రాము."

నూకరత్నం కత్తి ఆపింది. ఎల్లాజీ తెచ్చిన సొరపిల్లను బుట్టలోంచి తీసి రాతి మీద ఒక పక్కగా పెడితే, దాని తోక అంచు దాటి కింద వేలాడుతోంది. ఆమె దాన్నొకసారి, రాయినొకసారి చూసింది.

"తప్పకుండా దింపుతాను బాబూ" అంది. "అయితే ఈసారి కొంచెం పొడుగ్గా సెక్కించండి. సొర కొయ్యడానికి ఇది సాలట్లేదు."